శాసనం దొరికితే ముందు ముద్ర తీయండి

సంపాదకులకు,

జిల్లా పేజీల్లో "అరుదైన శాసనం లభ్యం" అన్న వార్త తరచుగా కనిపిస్తోంది. సంతోషమే. కానీ చాలా ఫొటోల్లో అక్షరాలకు అప్పటికే తెల్ల పెయింటు పూసేసి ఉంటుంది. మా అభ్యంతరం దాని మీదే. అరిగిన చోట ప, వ ఒకేలా కనిపిస్తాయి. బ్రష్షు పట్టినవాడు ఏది అనుకుంటే రాతి మీద అదే మిగులుతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అతని ఊహనే శాసనంగా చదువుకుంటారు. ఆ పెయింటును తీద్దామని థిన్నరు, ఇనుప బ్రష్షు వాడితే మరీ ప్రమాదం. కడప బండ పొరలుగా లేచే రాయి, పొరతో పాటు అక్షరమూ పోతుంది.

దీనికి మందు ముద్ర తీయడం, అంటే రాతి మీది అక్షరాలను ఉన్నవున్నట్టు కాగితం మీదికి దింపడం. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. కొబ్బరి పీచుతో దుమ్ము దులిపి, మంచినీళ్లతో కడగాలి, సబ్బు వద్దు. తేమకు చిరగని మందపాటి చేతికాగితాన్ని తడిపి రాతికి అతికించి, గట్టి కుచ్చు బ్రష్షుతో నిలువుగా కొట్టాలి. కాగితం అక్షరాల గాడిలోకి దిగేదాకా కొట్టాల్సిందే. గాలి బుడగ మిగిలితే ఆ చోట అక్షరం రాదు. తడి సగం ఆరాక దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాను దూది ఉండతో పలచగా అద్దాలి. సిరా నీళ్లలా ఉంటే కాగితం దాటి రాతికి మరక పడుతుంది, తొందరపడి తడి మీదే అద్దితే గాడిలోకీ దిగి అక్షరం నల్లగా మూసుకుపోతుంది. సరిగ్గా వస్తే నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. పూర్తిగా ఆరాకే ఊడదీయాలి. మన ఎండకు పొద్దెక్కితే కాగితం సిరా అద్దకముందే ఆరి లేచిపోతుంది, కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టడం మంచిది. పెద్ద బండకు కాగితాల అంచులు రెండు వేళ్ల వెడల్పున ఒకదానిపై ఒకటి ఎక్కేలా వేయాలి. వెనకవైపు ఊరు, రాయి ఉన్న చోటు, ముఖం ఏ దిక్కుకుందో, పంక్తులెన్నో, తేదీ ఏమిటో అక్కడికక్కడే పెన్సిలుతో రాయాలి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే రెండు ఊళ్ల ముద్రలు కలిసిపోతాయి. నూనె పట్టిన రాతికి కాగితం అతకదు. అక్కడ చీకటిలో టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు వేసి నాలుగు దిక్కులా ఫొటోలు తీస్తే చాలు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల మాత్రం అనుమతి లేకుండా ముద్ర తీయకూడదు.

ఇంత చేసి ముద్రను బీరువాలో దాచుకుంటే మళ్లీ మొదటికే. 1784 జనవరి 15న కలకత్తాలో విలియం జోన్స్ పెట్టిన ఏషియాటిక్ సొసైటీ గొప్పంతా ఊరూరి నకళ్లు ఒక్క చోటికి చేరడంలో ఉంది. సాంచి బౌద్ధ స్తూపం రాతి కంచె మీది చిన్న చిన్న రాతలను కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ నకలు తీసి పంపితే, అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగియడం ఆ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ గమనించాడు. అది 'దానం' అయి ఉంటుందని పట్టుకుని 1837లో అశోకుని కాలపు బ్రాహ్మీ లిపిని చదివాడు. ఒక్క రాయే చూసి ఉంటే అది తట్టేదా? 1929లో భూగర్భ శాస్త్రజ్ఞుడు అను ఘోష్ కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలను గుర్తించేనాటికి ఆ లిపి చదవడం వచ్చేసింది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పూర్తి నకలు లేకుండా వార్తలో ఒక ముక్క చూసి అది తెలుసుకోలేం.

ఆ సొసైటీని ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. 1829 దాకా అందులో భారతీయులకు సభ్యత్వమే లేదు. సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన కావలి వెంకట లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానంటే, దేశీయుడి వల్ల కాదని 1830లలో తోసిపుచ్చిందీ ప్రిన్సెప్ ఉన్న ఆ సొసైటీయే. పద్ధతి తీసుకుని ఆ బుద్ధి వదిలేస్తే సరి.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు కలిపి అలాంటి సంఘం ఒకటి కావాలి. ముద్రలు చేర్చడానికి కడప బ్రౌన్ గ్రంథాలయం కంటే తగిన చోటు మాకు తోచడం లేదు. బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధ ప్రతులు రాయించిన ఊరది. ప్రతి ముద్రకూ రెండు ప్రతులు తీసి ఒకటి అక్కడ, ఒకటి మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగంలో చేరాలి. సన్మానాలు, శాలువాల కోసం సంఘం అక్కర్లేదు, అవి ఇప్పటికే చాలినన్ని జరుగుతున్నాయి.

తేదీల్లోనూ పొరపాట్లు వస్తున్నాయి. క్రీస్తు శకంలోకి మార్చడానికి శక సంవత్సరానికి 78 కలిపి ఊరుకుంటారు. మాఘం జనవరి-ఫిబ్రవరిల్లో వస్తుంది కాబట్టి శక 1431 శుక్ల సంవత్సరం మాఘమాసం 1509 కాదు, 1510లో పడుతుంది. సంవత్సరం పేరు, మాసం రెండూ సరిచూడకుండా క్రీస్తు శక సంవత్సరం వేయకూడదు.

మీ విలేకరులకు ఒక మనవి. శాసనం వార్త పంపేటప్పుడు ఊరు, రాయి ఉన్న చోటు, పంక్తుల లెక్క, ముద్ర ఎక్కడుందన్నది తప్పక అడగండి. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో, ముఖ్యంగా తెలుగు శాసనాలున్న 10, 16 సంపుటాల్లో, అది ముందే అచ్చయిందేమో చూశారా అని కూడా అడగండి. చూడలేదంటే 'కొత్తగా లభ్యం' అన్న మాట శీర్షికలోంచి తీసేయండి.

– కొందరు శాసన అభ్యాసకులు, కడప