ప్రీకాస్ట్ యార్డు కార్మికులకు పనితో పాటే భద్రతను నేర్పండి: తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్మిక, ఉపాధి శిక్షణ, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

భవనాల ముఖభాగాలకు బిగించే కాంక్రీటు ప్యానెళ్లు, జాలీలు, కార్నిసులు, స్తంభాల తొడుగులు భవనం దగ్గర కాకుండా ముందుగానే వేరేచోట పోతపోసే ప్రీకాస్ట్ యార్డుల్లో నాణ్యత విభాగంలో పనిచేస్తున్న సివిల్ ఇంజినీరును నేను. ఈ పని చేసే కార్మికులకు శిక్షణ అనదగ్గది ఏదీ అందడం లేదని, ఆ లోటు వల్లే వారు గాయపడుతున్నారని, జబ్బు పడుతున్నారని, దాన్ని సరిదిద్దగల సంస్థలు చాలావరకు మీ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయని విన్నవించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

హైదరాబాద్ మెట్రో కోసం ఉప్పల్, మియాపూర్ యార్డుల్లో వయాడక్ట్ సెగ్మెంట్లు, అంటే పట్టాలను మోసే వంతెన ముక్కలు, పోతపోసిన కాలం నుంచి ప్రీకాస్ట్ అనే మాట మన నగరవాసులకు పరిచయమే. ఆ సెగ్మెంటుకు బలమూ కొలతా సరిపోతే చాలు. భవనం ముఖానికి వాడే ప్యానెల్‌కు వాటితో పాటు పైకి కనిపించే తలం కూడా నిర్దోషంగా ఉండాలి. అందుకోసం వైట్ సిమెంటు, ఐరన్ ఆక్సైడ్ రంగులు, ఏరిన గ్రానైట్ లేదా మార్బుల్ చిప్స్ కలిపిన మిశ్రమాన్ని అచ్చులో ముందుగా పరిచి, దాని వెనుక మామూలు కాంక్రీటు నింపి, గట్టిపడ్డాక ఆ తలాన్ని ఆసిడ్‌తో కడగడమో, ఇసుక ధారతో గరుకు చేయడమో, రాయితో రుద్ది పాలిష్ పెట్టడమో చేస్తారు. కొన్నవారు మెచ్చుకునే అందం ఈ చివరి పనుల్లోనే పుడుతుంది, కార్మికుడి ఊపిరితిత్తులు, కళ్లు, చర్మం దెబ్బతినేదీ ఈ పనుల్లోనే.

ముందుగా ప్యానెల్‌ను అచ్చులోంచి లేపే ఘట్టం గురించి చెబుతాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అక్కడే. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న ప్యానెల్ దాదాపు 3.4 టన్నులు తూగుతుంది. అయితే క్రేను లాగవలసింది ఆ బరువు ఒక్కటే కాదు. నూనె రాసిన ఉక్కు అచ్చు కూడా కాంక్రీటును పట్టుకుని ఉంటుంది, ఆ పట్టును చదరపు మీటరుకు సుమారు 100 కిలోల చొప్పున లెక్కగడతారు. అంటే తొలి క్షణంలో కొక్కెం మీద పడే భారం 4.3 టన్నులు. ఆ భారాన్ని రెండు కాళ్ల స్లింగుతో, అంటే కొక్కెం నుంచి ప్యానెల్‌కు రెండు పాయలుగా దిగే తాడు లేదా గొలుసుతో, లేపినప్పుడు, స్లింగు భూమట్టంతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలు మీద సుమారు 2.5 టన్నులు పడుతుంది. పొడవైన స్లింగు దొరకలేదని పొట్టిది తగిలించి, కోణం 30 డిగ్రీలకు పడిపోతే ఒక్కో కాలు మీద మొత్తం 4.3 టన్నులూ పడతాయి. అదే ప్యానెల్, అదే క్రేను, అదే కార్మికుడు. స్లింగు పొడవు ఒక్కటే మారింది. ఈ లెక్క చేయడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు, గోడ మీద గీసిన ఒక బొమ్మతో ఏ హెల్పరుకైనా పూటలో అర్థమయ్యేలా చెప్పవచ్చు. కానీ చెప్పేవారు లేరు.

దీనికి తోడు కాంక్రీటు వయసు అనే ప్రశ్న ఉంది. అచ్చు విప్పి లేపే నాటికి కాంక్రీటు కనీసం చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల బలానికి చేరి ఉండాలని సాధారణంగా కోరతారు. మే నెలలో సాయంత్రం పోసింది తెల్లారేసరికి ఆ బలానికి చేరవచ్చు. డిసెంబరు చలిలో అదే మిశ్రమం చేరకపోవచ్చు. లేపే ముందు, అదే మిశ్రమంతో పరీక్ష కోసం పోసి ఉంచిన క్యూబును నలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది. అచ్చులు ఖాళీ కావాలన్న తొందరలో మొదట ఎగిరిపోయేది ఆ పరీక్షే. లేపడానికి కాంక్రీటులో పాతే లూపుల విషయంలోనూ ఇదే తీరు. వాటికి మెత్తని నున్నటి మైల్డ్ స్టీల్ కడ్డీ గానీ, ఆ పనికోసమే చేసిన యాంకరు గానీ వాడాలి. చేతికందిన టీఎంటీ ముక్కను వంచి పెట్టడం చాలాచోట్ల చూశాను. అలా వంచిన చోట ఆ కడ్డీ హఠాత్తుగా తెగిపోయే ప్రమాదం ఉంటుంది.

నేను పనిచేసిన ఒక యార్డులో అచ్చు పక్క పలక బోల్టు ఒకటి విప్పకుండానే క్రేను లాగడం మొదలుపెట్టింది. ప్యానెల్ ఒక మూల అచ్చులో ఇరుక్కుపోయి, రెండో మూల లేచి, ఒక లూపు తెగి, ప్యానెల్ పక్కకు ఊగింది. ఒడిశా నుంచి వచ్చిన ఒక కుర్రవాడి పాదం నలిగిపోయింది. ప్రమాద నివేదికలో కారణం అన్నచోట కార్మికుడి అజాగ్రత్త అని రాశారు. బోల్టులన్నీ విప్పారా లేదా అని చూసే బాధ్యత ఎవరిదో ఆ యార్డులో ఎవరికీ అప్పగించలేదు. క్రేను నడిపేవానికి సైగలు చేసిన మనిషికి ఆ సైగలను ఎవరూ నేర్పలేదు. గాయపడిన కుర్రవాడికి తాను ఎక్కడ నిలబడకూడదో తెలియదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి నేర్పి ఉన్నా అతని పాదం దక్కేది. అందుకే ఆ నివేదికలోని ఆ మాటను నేను ఇప్పటికీ అంగీకరించలేను.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. మన ప్రాంతపు కంకర గ్రానైటు, మనం వాడే రోబో ఇసుక కూడా ఎక్కువగా గ్రానైటును పిండి చేసిందే. అందులో స్ఫటిక సిలికా ఉంటుంది. గట్టిపడిన కాంక్రీటును పొడిగా కోసినా, గ్రైండరుతో రుద్దినా, ఇసుక ధారతో కొట్టినా ఆ సిలికా సన్నని ధూళిగా లేచి ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపదు. ఈ జబ్బు వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే మూడో షెడ్యూలులో చేర్చింది. బ్రిటన్ అయితే ఫ్యాక్టరీల్లో వస్తువులను శుభ్రం చేయడానికి ఇసుక ధార వాడకాన్ని 1949 నిబంధనలతోనే నిషేధించింది. మన దగ్గర నగర శివార్లలో, ఎండలో టార్పాలిన్ చాటున, గాలి అందించే హెల్మెట్ లేకుండా ఆ పని చేస్తున్న కుర్రవాళ్లను నేను చూశాను.

ఇక్కడే నేను ముఖ్యంగా చెప్పదలచినది ఉంది. ఈ పనిలో భద్రమైన పద్ధతికే ఎక్కువ పనితనం కావాలి. కంకర పైకి తేలినట్టు కనిపించే తలం కావాలంటే ఇసుక ధార ఒక్కటే మార్గం కాదు. అచ్చు అడుగున గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసే రసాయనం పూసి పోతపోసి, మర్నాడు అచ్చు విప్పి నీటితో కడిగితే పైపొర సిమెంటు కొట్టుకుపోయి కంకర తేలుతుంది, ధూళి అన్నదే ఉండదు. కానీ ఆ రసాయనంలో ఏ రకం ఎంత లోతుకు పనిచేస్తుందో, ఎంత మందంగా పూయాలో, ఎన్ని గంటల లోపు కడగాలో తెలిసిన చేయి కావాలి. అలాగే వైబ్రేటరును సరైన దూరంలో, సరైన సమయం పట్టినవాడు పోసిన ప్యానెల్‌కు గాలి బుడగల గుంటలు తక్కువ పడతాయి కాబట్టి తర్వాత పూత పెట్టి గ్రైండరు పట్టవలసిన అవసరమూ తక్కువే. పని రాని చోట మరమ్మతు పెరుగుతుంది, మరమ్మతు పెరిగిన చోట ధూళి పెరుగుతుంది. భద్రత అంటే హెల్మెట్లు, బూట్లు పంచి ఫొటో తీసుకోవడమనే ఆలోచన ఈ కారణం వల్లే ఫలితం ఇవ్వడం లేదు.

ఆసిడ్ సంగతీ అంతే. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను నీటిలో పోయాలి తప్ప ఆసిడ్‌లో నీరు పోయకూడదని, ప్యానెల్‌ను ముందు బాగా తడిపాకే పూయాలని, గాలికి ఎదురుగా నిలబడకూడదని, కళ్లు కడుక్కునే నీరు చేతికందే దూరంలో ఉండాలని తెలియని మనిషి చేతికి ఆ డబ్బా ఇవ్వకూడదు. పచ్చి సిమెంటు క్షారం వల్ల చేతులు ఒరిసి పుండ్లు పడటం, వైబ్రేషన్ టేబుళ్ల హోరుకు వినికిడి తగ్గడం, గ్లాస్ ఫైబరు కాంక్రీటు చల్లేవారిని దురద వేధించడం అన్ని యార్డుల్లోనూ మామూలైపోయాయి.

ఈ కార్మికులు చట్టంలోనూ రెండు గోడల మధ్య ఇరుక్కుపోయారు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం వర్తించే పనిని తన పరిధి నుంచి మినహాయించింది. కాబట్టి పెద్ద యార్డు కార్మికుడు భవనం ముఖాన్నే తయారుచేస్తున్నా నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి సాయానికి దూరంగా ఉండిపోయాడు. చిన్న యార్డుల సంగతి ఇంకోలా ఉంది. విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత సంఖ్యను, ఆ రెండు చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 20కి పెంచింది. ప్రహరీ గోడల పలకలు, జాలీలు, పూలకుండీలు పోసే చాలా యార్డుల్లో అంతమంది ఉండరు. వాటిలోనూ అవే ఆసిడ్లు, అవే గ్రైండర్లు, అదే హైడ్రా క్రేను. పైగా అక్కడి పని కాంట్రాక్టరు తెచ్చిన మనుషుల మీద నడుస్తుంది. వాళ్లు పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా, బీహార్, జార్ఖండ్‌ల నుంచో వస్తారు. గోడ మీద ఇంగ్లీషులో రాసిన హెచ్చరిక వాళ్లలో చాలామంది చదవలేరు.

మంత్రి గారూ, వీరికి నేర్పడానికి కొత్త సంస్థ పెట్టనవసరం లేదు. 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్, మాదాపూర్‌లోనే ఉంది. ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నది మీ ప్రభుత్వమే. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ ఉంది. న్యాక్‌లో ఒక చిన్న పోత వేదిక, ఒక గ్యాంట్రీ క్రేను, ధూళిని లాగే యంత్రంతో ఒక ఫినిషింగ్ గది ఏర్పాటు చేసి, అచ్చు సిద్ధం చేయడం నుంచి ప్యానెల్‌ను ఏ-ఫ్రేము (ఇరువైపులా ప్యానెళ్లను ఆనించి నిలబెట్టే చట్రం) మీద నిలిపి లారీకి ఎక్కించడం దాకా చేతితో చేయించే కోర్సును మొదలుపెట్టమని కోరుతున్నాను. భద్రతను అందులో చివరి రోజు ఉపన్యాసంగా పెట్టవద్దు. ఏ-ఫ్రేముకు ఒకే వైపు ప్యానెళ్లు తీస్తూపోతే అది రెండో వైపుకు ఎలా ఒరుగుతుందో, ఆ పని చేసే పూటే, ఆ ఫ్రేము పక్కనే నేర్పాలి. ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ వచ్చిన మేస్త్రీలకు తరగతి గది పరీక్ష పెట్టకుండా, యార్డులోనే పని చూసి, పూర్వ నైపుణ్య గుర్తింపు పద్ధతిలో ధ్రువపత్రం ఇవ్వాలి. వారిలో బాగా చెప్పగలిగినవారినే తర్వాత శిక్షకులుగా తీసుకోవాలి. బోధన తెలుగుతో పాటు హిందీ, ఒడియాల్లోనూ జరగాలి.

స్లింగు కట్టడం, క్రేనుకు సైగలు చేయడం అనే రెండు పనులను ధ్రువపత్రం ఉన్నవారే చేయాలని మీ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ మనిషికి, క్యూబు ఫలితం చూపనిదే ప్యానెల్ లేపనని చెప్పే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. ఆ మాట అన్నందుకు అతని కూలి కోయకూడదు. ఆఖరి మాటే అన్నిటికన్నా కష్టం. ప్రొడక్షన్ లెక్క చూసే సూపర్‌వైజరు ముందు ఒక రోజుకూలీ అలా నిలబడాలంటే అతని వెనుక ప్రభుత్వ ఉత్తర్వు ఉండి తీరాలి.

ఫినిషింగ్ పనుల్లో సిలికా ఇసుక ధారనూ, పొడి కోతనూ యార్డు పరిమాణంతో నిమిత్తం లేకుండా ఆపించండి. ఈ పనుల్లో ఉన్నవారికి ఏటా ఛాతీ ఎక్స్‌రే, శ్వాస పరీక్ష చేయించి, ఆ ఫలితాలు నమోదైన కార్డు కార్మికుడి చేతిలోనే ఉండేలా చూడండి. సిలికోసిస్ బయటపడటానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ మనిషి ఏ జిల్లాలోనో, ఏ రాష్ట్రంలోనో తన ఊళ్లో ఉంటాడు, తనకు ఈ జబ్బు ఎక్కడి పని వల్ల వచ్చిందో రుజువు చేసే కాగితం ఒక్కటీ ఉండదు. రాజస్థాన్ 2019లోనే ఈ జబ్బు కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. మనకూ అలాంటిది అవసరం.

యాజమాన్యాల వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. శిక్షణ ఇచ్చిన కార్మికుడు రెండు నెలల్లో వేరే యార్డుకు పోతాడని, ఖర్చు మాత్రం తమకు మిగులుతుందని వారు అంటారు. అందులో కొంత నిజం ఉంది. అందుకే ఆ ఖర్చు ఏ ఒక్క యార్డు మీదా పడకూడదు. ఈ ప్యానెళ్లు చివరికి చేరేది భవనాలకే, ఆ భవనాల నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సును ప్రభుత్వం ఇప్పటికే వసూలు చేస్తోంది. ఆ నిధి నుంచి ఈ కార్మికుల శిక్షణకు, శిక్షణ రోజుల్లో వారు కోల్పోయే కూలికి వాటా కేటాయించడానికి నిబంధనల్లో ఏ మార్పు కావాలో న్యాయ నిపుణులతో పరిశీలింపజేయండి.

వచ్చే చలికాలం మొదలయ్యేలోగా, కాంక్రీటు ఆలస్యంగా గట్టిపడే ఆ నెలలకు ముందే, క్యూబు ఫలితం లేకుండా ప్యానెల్ లేపరాదన్న ఒక్క సర్క్యులరైనా ఫ్యాక్టరీల డైరెక్టరు కార్యాలయం నుంచి అన్ని ప్రీకాస్ట్ యార్డులకు పంపించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. కోర్సు పాఠ్యాంశాల తయారీకి యార్డుల్లో పనిచేసే మాలాంటి ఇంజినీర్లను, మేస్త్రీలను పిలిస్తే సొంత ఖర్చులతో వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ప్రీకాస్ట్ నాణ్యత విభాగంలో పనిచేస్తున్న ఒక ఇంజినీరు,
హైదరాబాద్