మరణాలు లేవా, నివేదికలు లేవా?

సంపాదకులు గారికి,

నమస్కారం. కరోనా రెండో విడతలో ఆక్సిజన్ అందక రోగులు మరణించినట్లు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలియజేయలేదంటూ 2021 జూలై 20న కేంద్ర ఆరోగ్య శాఖ సహాయ మంత్రి రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాన్ని మీ పత్రికలో చదివి వారం దాటింది. మర్నాడే రాద్దామని కూర్చున్నాను గాని చెయ్యి సాగలేదు. ఆ మరణాల లెక్కలు పంపమని కేంద్రం ఇప్పుడు రాష్ట్రాలను అడుగుతోందన్న వార్త చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు. లెక్కలు ఇప్పుడు అడుగుతున్నవారు 20వ తేదీన ఏ లెక్క చూసుకుని సభకు జవాబు చెప్పినట్లు?

మా తిరుపతి రుయా ఆసుపత్రిలో మే 10 రాత్రి ట్యాంకరు రావడం ఆలస్యమై, ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది చనిపోయారని ఈ జిల్లాలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. రాష్ట్ర ప్రభుత్వమే ఆ కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. మరి ఆ డబ్బు దేనికిచ్చినట్లు? అంతకు వారం ముందు కర్ణాటకలోని చామరాజనగర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక జరిగిన ఘోరం సంగతేమిటి? ఢిల్లీ ఆసుపత్రులు ఆక్సిజన్ కోసం హైకోర్టు మెట్లెక్కింది సరదాకా? మొదటి విడతలో రోజుకు 3,095 టన్నులున్న ఆక్సిజన్ గిరాకీ రెండో విడతలో దాదాపు 9,000 టన్నులకు చేరిందని మంత్రి గారి అదే సమాధానం ఒప్పుకుంటోంది.

నా సంగతి కూడా చెప్పుకోనివ్వండి. మే మొదటి వారంలో మా బావమరిది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కన సిలిండరుకు తగిలించిన నీళ్ల సీసాలో బుడగలు వస్తున్నంతసేపూ మాకు ధైర్యం. అందరం మనిషిని చూడడం మానేసి ఆ సీసానే చూస్తూ కూర్చున్నాం. తెల్లవారుజామున బుడగలు ఆగిపోయాయి. మా అల్లుడు ఖాళీ సిలిండరు వేసుకుని ఇంకా ప్లాంటు ముందు వరుసలోనే ఉన్నాడు. తర్వాత మా చేతికొచ్చిన కాగితంలో ‘గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మృతి’ అని రాశారు. శ్వాస ఎందుకు ఆగిందో రాసే గడి అందులో లేదు కాబోలు. ఆ కాగితం జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్తే ‘ప్రత్యేకంగా తెలియజేయలేదు’ అన్న జవాబు రాక మరేమొస్తుంది!

ఈ ‘ప్రత్యేకంగా’ అన్న ముక్కలోనే కిటుకంతా ఉంది. కుంజరః అని ధర్మరాజు నెమ్మదిగా గొణిగిన పాపానికి, నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం కిందికి దిగిందంటారు. మన మంత్రుల కార్ల ఎర్రబుగ్గలు 2017లోనే తీసేశారు గనుక ఇక దిగడానికి ఏమీ మిగల్లేదు. ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోదని కేంద్రం తప్పుకుంటుంది. రాష్ట్రాలు, ఏ పార్టీ ఏలుతున్నవైనా, తమ ఆసుపత్రుల పరువు పోతుందని నోరు మెదపవు.

ఇది ఈ ఒక్క సమాధానంతో మొదలైన జబ్బు కాదు. లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కూలీల వివరాలు లేవని 2020 సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ లోక్‌సభకు చెప్పింది. ఆ కూలీలను ఊళ్లకు చేర్చిన శ్రామిక్ రైళ్లలో 97 మంది మరణించారని అదే నెలలో రైల్వే మంత్రి రాజ్యసభకు చెప్పారు. ఒక సభకు లేని లెక్క రెండో సభకు ఎలా దొరికిందో అడుగుదామంటే, ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు.

సభను తప్పుదోవ పట్టించారని హక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వవచ్చు, నిజమే. కాని చెప్పింది తప్పని రుజువైతే చాలదు, తెలిసి, కావాలనే చెప్పారని కూడా రుజువు కావాలి. కోర్టుకు వెళ్దామంటే సభలో అన్న మాటకు రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఉంది. ‘మాకందిన సమాచారం ఇంతే’ అన్న మంత్రిని ఇక ఎవరు పట్టుకోగలరు? ఒకప్పుడు ఇలా లేదు. వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎల్ఐసీ పెట్టిన కోటీ పాతిక లక్షల వ్యవహారంలో, ఫిరోజ్ గాంధీ తన సొంత మామగారైన నెహ్రూ ప్రభుత్వాన్నే సభలో నిలదీస్తే, న్యాయమూర్తి చాగ్లా జరిపిన బహిరంగ విచారణ కొద్ది వారాల్లో ముగిసి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి కృష్ణమాచారి రాజీనామా చేశారు. నాలుగేళ్లకు ఆయన మళ్లీ మంత్రి అయ్యారనుకోండి, అది వేరే సంగతి. అధికారుల తప్పుకు మంత్రి బాధ్యుడని ఆనాడు ఒకరన్నా అన్నారు, ఒకరన్నా విన్నారు.

మీకు నా మనవి రెండే. మే నెలలో మీరు వేసిన రుయా వార్తను, మంత్రి గారి సమాధానం పూర్తి పాఠాన్ని పక్కపక్కన పెట్టి మరొక్కసారి అచ్చు వేయండి. అలాగే రాజ్యసభలో రెండు తెలుగు రాష్ట్రాలకు ఉన్న 18 మంది సభ్యుల్లో ఈ సమాధానంపై నోరు విప్పిందెవరో, విప్పనిదెవరో పేర్లతో సహా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిత్తూరు జిల్లా