మా అమ్మాయి పేరు పక్కన ఆ మాట తీసేయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఇంట్లో చదువుకుంటున్న మా అమ్మాయిని బడి మానేసిన పిల్లగా రాసుకోవద్దని మూడేళ్లలో ఏడు అర్జీలు ఇచ్చాను. మండలంలో నాలుగు, జిల్లా కేంద్రంలో రెండు, మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి. ఆరింటికి జవాబు లేదు. జిల్లా కేంద్రంలో సోమవారం నాడు వరుసలో నిలబడి ఇచ్చినదానికి మాత్రం ఇరవై రోజుల తర్వాత ఫోనుకు సందేశం వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఏమి పరిష్కరించారో తెలుసుకుందామని మండల కార్యాలయానికి వెళ్తే, "మాకేమీ తెలియదమ్మా, పైనే మూసేసినట్టున్నారు" అన్నారు. అందుకే ఈ ఎనిమిదోది అందరికీ కనిపించేలా రాస్తున్నాను. ఏ మండలమో, ఏ కార్యాలయమో రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్లను అల్లరిపెట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు సర్వే రాసుకునే ఫోనులో మా పిల్లల్లాంటివాళ్లకు చోటు లేదు, అంతే.

కడియం చుట్టుపక్కల నర్సరీల ఊళ్లలో మాదొకటి. మావారికి ఎకరంన్నర నర్సరీ. నేను ఎనిమిదేళ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి పదమూడేళ్లు. నాలుగో తరగతి పూర్తయ్యాక 2022 జూన్‌లో బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. అబ్బాయికి తొమ్మిదేళ్లు, వాడు బడిలో చేరనే లేదు. మీ శాఖ లెక్కల్లో మా అమ్మాయి డ్రాప్‌బాక్సులో, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలో ఉంది. ఆ మాట మీకు తెలుసు. అందులో ఒక పిల్ల ఉందంటే ఆ ఇంటిని ఊరు ఎలా చూస్తుందో మాత్రం మీకు తెలియదనుకుంటాను.

మొదటి ఏడాది గ్రామ సచివాలయం నుంచి సర్వేకు వచ్చిన అబ్బాయి మర్యాదస్థుడు. అరుగు మీద కూర్చుని ఫోను తెరిచి, బడికి రాకపోవడానికి కారణాలు ఒక్కొక్కటే చదివాడు. వలస వెళ్లారా, పనికి వెళ్తోందా, పెళ్లయిందా, జబ్బు చేసిందా, చనిపోయిందా. మా అమ్మాయి గడపలో నిలబడి వింటోంది. "ఇంట్లో చదువుతోంది, అలా రాయండి" అన్నాను. "అలాంటిది లేదండీ, వీటిలో ఏదో ఒకటి నొక్కకపోతే ఇది ముందుకు పోదు" అన్నాడు. ఏమి నొక్కాడో నాకు తెలియదు. అడగడానికి మనసొప్పలేదు.

రెండో ఏడాది సీఆర్పీ మాస్టారు, అంటే చుట్టుపక్కల కొన్ని బడులకు కలిపి మీ శాఖ పెట్టిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్, వచ్చారు. మూడో ఏడాది ఇద్దరూ కలిసి వచ్చారు. అవే కారణాలు, అదే వరుస. ఈ మధ్యలో మండలంలో ఉన్న అధికారి ఒకరు నా అర్జీ మొత్తం చదివి, "మీరు చెప్పేది న్యాయమే, వచ్చే సర్వేకి ఒక గడి పెట్టమని నేనే రాస్తాను" అన్నారు. ఆ మాట పట్టుకుని ఏడాదంతా ఎదురుచూశాం. ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవారికి అసలు ఆ కాగితమే కనిపించలేదట. నా దగ్గరున్న నకలు చూపిస్తే, మళ్లీ కొత్తగా రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. అది నాలుగోది.

ఇంట్లో ఉన్న పిల్లలు ఏం చేస్తారని అందరూ అడుగుతారు. మీకూ ఆ అనుమానం ఉండవచ్చు. చెబుతాను.

మా ఇంటి చదువుకు బడి క్యాలెండరు కుదరదు. తొలకరి పడితే నర్సరీలకు ఊపిరాడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా లారీలు వరుసగా నిలబడతాయి. బడులు జూన్ 12న తెరుస్తారు, సరిగ్గా అప్పుడే మా ఇంట్లో పుస్తకాల చదువు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు మొక్కల పని ఉదయం ఎనిమిదింటికే ముగుస్తుంది. ఊరి పిల్లలందరూ సెలవుల్లో ఉండే ఆ రెండు నెలలూ మా ఇంట్లో చదువు జోరు. పొద్దున ఐదున్నరకు కాలువ గట్టు మీద నడక, తిరిగొచ్చాక ఎవరికి ఇష్టమైన పుస్తకం వాళ్లది, పది తర్వాత నా దగ్గర లెక్కలు. మధ్యాహ్నం మా అత్తగారి దగ్గర పద్యాలు. ఆవిడ ఐదో తరగతి దాకానే చదివారు గానీ, నూటికి పైగా పద్యాలు చూడకుండా చెబుతారు. ఒకరోజు లెక్కలు మూడు గంటలు సాగుతాయి, మర్నాడు అసలు ఉండవు. నెలకు రెండుసార్లు రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి వెళ్తాం.

మా వాడు గోదావరి వరద లెక్కతో దశాంశాలు నేర్చుకున్నాడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. రోజూ రేడియోలో విని గోడ మీద గ్రాఫు గీస్తాడు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు అని, అది 28 లీటర్ల పైచిలుకు అని, అలాంటివి పది లక్షలంటే ఎంతో ఊహించడానికి మా బావి లోతు కొలిచాడు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందని చదివి, నాన్నమ్మ దగ్గర కూర్చుని ఆ వారం కథంతా చెప్పించుకుని రాసుకున్నాడు. ఆ తర్వాత కాటన్ మ్యూజియానికి తీసుకెళ్తే, 1847లో మొదలైన ఆనకట్ట 1852కు ఎలా పూర్తయిందని అక్కడ అడిగిన ప్రశ్నలు నేను నేర్పినవి కావు. ఆనకట్టకు ముందు కరవులో మనవాళ్లు ఏం తిన్నారని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

అన్నీ బాగున్నాయని చెప్పను. హిందీ మా ఇద్దరికీ రాదు, పిల్లలకు సరిగా నేర్పలేకపోతున్నాం. సాయంత్రం బడి వదిలాక గానీ ఆడుకోవడానికి తోటి పిల్లలు దొరకరు. కొన్ని రోజులు ఇద్దరూ ఏమీ చేయరు, నాకు భయం వేస్తుంది. ఆ భయం చెప్పుకోవడానికి, పిల్లలు ఎంతవరకు వచ్చారో చూడమని అడగడానికి మీ శాఖలో ఒక్క మనిషి ఉంటే ఎంత బాగుండేదో. పరీక్ష పెట్టండని నేనే రెండో అర్జీలో రాశాను. ఆరు నెలలకోసారి ఎవరైనా వచ్చి చదివించి, రాయించి చూడండి, వెనకబడి ఉంటే చెప్పండని బతిమాలాను. ఎవరూ రాలేదు. సర్వేకు వస్తారు, చదువు చూడటానికి రారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. మిగతావన్నీ ఓర్చుకున్నాను, ఇది ఓర్చుకోలేకపోతున్నాను.

కిందటి ఏడాది జూలైలో మా అమ్మాయి సొంతంగా ఒక ప్రయోగం మొదలుపెట్టింది. నలభై జామ కొమ్మలకు గాలి అంట్లు కట్టింది, అంటే కొమ్మ చెట్టుకు ఉండగానే దానికి వేర్లు పుట్టించడం. ఇరవైకి వేర్ల మందు రాసింది, ఇరవైకి రాయలేదు. ప్రతి కొమ్మకూ నంబరు చీటీ, నోటుపుస్తకంలో తేదీ, కొమ్మ లావు, నీడా ఎండా. ఒకరోజు పదకొండు గంటలప్పుడు చేతిలో అంటుకత్తి, పక్కన తడి నాచు, ఒళ్లో ఆ నోటుపుస్తకం పెట్టుకుని పని చేసుకుంటుండగా ముగ్గురు వచ్చారు. బడి ఈడు పిల్లలతో నర్సరీలో పని చేయిస్తున్నారని ఎవరో పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేశారట. ఫోను చేసినవారిని నేను తప్పుపట్టను. ఈ ప్రాంతంలో నిజంగా అలా పనిచేసే పిల్లలు ఉన్నారు, వాళ్ల కోసం ఆ ఫోను ఉండాలి. వచ్చినవారు మా అమ్మాయిని అడిగిన మొదటి మాట, "రోజుకు ఎంత ఇస్తున్నారమ్మా?"

అది వాళ్ల నాన్న తోట. పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. నావైపు చూసింది.

బాలకార్మిక చట్టం చూపించారు. 2016 సవరణ ప్రకారం పిల్లలు సొంత కుటుంబం పనిలో సాయం చేయవచ్చు, కానీ బడి వేళలు అయ్యాక లేదా సెలవుల్లో మాత్రమే. ఆ నిబంధన మంచిదే, పిల్లలను కాపాడటానికే పెట్టారు. కానీ మా పిల్లలకు బడి వేళలు ఏవి? సెలవులు ఏవి? పదకొండు గంటలకు మొక్క దగ్గర కూర్చుంటే అది చదువా, పనా? దీనికి జవాబు రాసిచ్చే అధికారి ఒక్కరూ లేరు కాబట్టి, ఆ రోజు గంటన్నరసేపు పంచాయితీ జరిగింది. నోటుపుస్తకం చూపిస్తే వాళ్లలో పెద్దావిడ తిరగేసి చూశారు, మనసు కరిగింది, హెచ్చరించి వదిలేశారు. ఆవిడ మంచి మనిషి కాబట్టి సరిపోయింది. ఇంకొకరు వచ్చి ఉంటే మావారి మీద కేసు అయ్యేది.

ఆ రాత్రి అమ్మాయి అడిగింది, "అమ్మా, నేను డ్రాపౌట్‌నా?" అని. కాదన్నాను. "మరి వాళ్ల కాగితంలో అలాగే ఉందిగా" అంది. నా దగ్గర జవాబు లేదు మంత్రి గారూ. ప్రయోగం మాత్రం మానలేదు. మందు రాసినవాటిలో పదహారు, రాయనివాటిలో పదకొండు వేరు పోశాయి. ఎనభై శాతం, యాభై ఐదు శాతం అని లెక్కగట్టి, ఇరవై కొమ్మలతో తేల్చడం సరికాదు, వచ్చే ఏడాది వందకు కడతానని కింద రాసుకుంది. ఆ పుస్తకం మీకు పంపిన అర్జీతో జిరాక్సు తీసి జతచేశాను. మీ దాకా వచ్చిందో లేదో.

విద్యాహక్కు చట్టం గురించి మీకు చెప్పేంతదాన్ని కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తల్లిదండ్రులు పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్చాలని పదో సెక్షను అంటుంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంట్లో చదివించవచ్చని లేదు, కూడదనీ స్పష్టంగా లేదు. ఇంకోవైపు కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూలులో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి. మన రాష్ట్ర ఓపెన్ స్కూలు, సార్వత్రిక విద్యాపీఠం, 1991 నుంచి ఉంది, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయనిస్తుంది. మా అమ్మాయికి వచ్చే ఏడు పద్నాలుగు నిండుతాయి. పదో తరగతి రాస్తుంది. పద్నాలుగో ఏట విద్యార్థిని అని ఒప్పుకునే ప్రభుత్వం, పదమూడో ఏట అదే పిల్లను బడి మానేసినదని ఎందుకు రాసుకోవాలి?

మేము డబ్బు అడగడం లేదు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ఇచ్చే తల్లికి వందనం సొమ్ము అడగడం లేదు, పుస్తకాలు, బ్యాగు, బూట్లు ఏవీ అడగడం లేదు. బడి మీద కోపమూ లేదు. మా ఊరి ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులు సైన్సు గదిలోని మైక్రోస్కోపు మా పిల్లలకు చూపించాలని ఎంతో ఆశపడ్డారు. రిజిస్టరులో పేరు లేని పిల్లలను లోపలికి రానిస్తే తనకు మాట వస్తుందని ఆగిపోయారు. ఆయన మాట్లాడుతుంటే ఇబ్బంది ముఖంలో కనిపించింది. అది కూడా అర్జీలో రాశాను.

ఒక్క గడి పెట్టించండి. 'ఇంట్లో చదువుతున్నారు' అని. ఆ గడి నొక్కిన ప్రతి ఇంటికీ ఎవరినైనా పంపి నిజంగా చదువుతున్నారో లేదో చూడండి. అబద్ధం చెప్పి పిల్లలను పనిలో పెట్టుకునేవాళ్లు ఉంటే వాళ్లూ అప్పుడే దొరుకుతారు. గడి పెట్టడం కుదరదంటే ఎందుకు కుదరదో ఒక కాగితం మీద రాసి పంపండి. ఇంట్లో చదివించడం తప్పని మీరు నమ్మితే అదైనా రాసి పంపండి, సంతకంతో. పరిష్కారమైంది అన్న సందేశం మాత్రం మళ్లీ పంపకండి, దయచేసి.

జూన్ వస్తోంది. సర్వేకు మళ్లీ వస్తారు. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు కారణాలు తానే చదివి, తానే జవాబు చెబుతానని మా అమ్మాయి అంటోంది. వలస, పెళ్లి, మరణం అని ఆ పిల్ల నోటితో చదవనివ్వడం నాకు ఇష్టం లేదు. అంతలోపు ఆ ఫోనులో ఇంకొక్క మాట చేర్పించండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
కడియం నర్సరీల ప్రాంతం.