సెలవుల ప్రయాణానికి చిన్న కెమెరా కొనేవారికి ఒక మనవి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడేసరికి హైదరాబాదు, బెంగళూరుల నుంచి పిల్లలు మా కోనసీమ ఇళ్లకు చేరుకోవడం, ఆ నాలుగు రోజుల్లోనే దిండి, అంతర్వేది, కోరింగ, పాపికొండలు అన్నీ చూసి రావాలని బండ్లు మాట్లాడుకోవడం ఏటా జరిగేదే. ఈ ప్రయాణాల కోసం చిన్న కెమెరా ఏది కొనమంటారని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అమలాపురంలో ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ని కనుక నాకు తెలిసింది మీ పత్రిక ద్వారా నలుగురికీ చెప్పాలనుకుంటున్నాను.

అడిగినవారందరి నోటా ముందుగా వచ్చే మాట మెగాపిక్సెళ్లు, అంటే ఫోటోలో ఎన్ని పది లక్షల చుక్కలున్నాయన్న లెక్క. ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 అంగుళాల ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేయడానికి 1800×1200 చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువ ఉంటే చాలు. ఏ4 సైజుకు కూడా తొమ్మిది లోపే సరిపోతాయి. చూడవలసింది వెలుగును పట్టే సెన్సారు ఎంత పెద్దదన్నది. తక్కువ ధర కెమెరాల్లో సాధారణంగా ఉండేది సుమారు 6.2×4.6 మిల్లీమీటర్ల సెన్సారు, అంటే చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ‘ఒక అంగుళం’ అని పిలిచే సెన్సారు నిజానికి అంగుళం ఉండదు, 13.2×8.8 మిల్లీమీటర్లే, అయినా వైశాల్యంలో మొదటిదానికి నాలుగు రెట్లు. 2012లో సోనీ ఆర్ఎక్స్100తో ఈ సెన్సారు జేబులో పట్టే కెమెరాలోకి వచ్చింది. సాయంత్రం ఆరింటికి గోదావరి మీద వెలుగు తగ్గాక మనిషి ముఖం నున్నగా వస్తుందా, గ్రెయిన్స్‌తో గరుకుగా వస్తుందా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఇలా పెద్ద అంకె చూసి మోసపోవడం మా అమ్మాయి విషయంలోనూ జరిగింది. నన్ను అడగకుండానే, కొట్టులో చెప్పిన ‘అరవై రెట్ల జూమ్’ అన్న మాట నమ్మి కెమెరా కొనుక్కుని, అత్తవారితో కలిసి పాపికొండలకు వెళ్లింది. ఆ అరవైలో లెన్సు కదిలి దగ్గరకు తెచ్చేది సగమేనని, మిగిలింది తీసిన బొమ్మను కత్తిరించి సాగదీసే డిజిటల్ జూమేనని అమ్మినవారు చెప్పలేదు. తిరిగి వచ్చాక, మూడు తరాలవారు లాంచీలో వరుసగా కూర్చున్న ఫోటో ఒకటి 8×12 సైజులో వేసి ఇమ్మని నా చేతికిచ్చింది. వెనుక నది తళతళలాడుతోంది, ముందు పైకప్పు నీడలో కూర్చున్న వారి ముఖాలన్నీ నల్లబడిపోయాయి; వియ్యపురాలి కళ్లజోడు ఫ్రేము ఉంది గాని కళ్లు లేవు. కంప్యూటరులో నీడను పైకి లాగితే ముఖాల మీద రంగురంగుల చుక్కలు లేచాయి. రెండు రాత్రులు కూర్చున్నా ఆ ఫోటోను బాగుచేయలేకపోయానని ఇప్పటికీ నాకు బాధగా ఉంది.

ఆ సమయంలో కెమెరాకున్న చిన్న ఫ్లాష్ వేసి ఉంటే ఆ ముఖాలు దక్కేవి. పగటిపూట ఫ్లాష్ ఎందుకని చాలామంది దాన్ని ఆపేస్తారు, కానీ వెనుక నీళ్లు మెరిసేచోట దాని అవసరం చీకట్లో కన్నా ఎక్కువ. కాబట్టి ఫ్లాష్ లేని కెమెరాను కుటుంబ ప్రయాణానికి నేను సిఫారసు చేయను. లాంచీలో తీసేటప్పుడు మోచేతులు రెయిలింగుకు ఆనించకూడదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంజను అదురు రెయిలింగు గుండా చేతుల్లోకి వచ్చి ఫోటో షేక్ అవుతుంది. మోచేతులు మన పక్కలకు అదుముకుని తీయడమే మేలు. ఆప్టికల్ జూమ్, అంటే లెన్సు కదిలి దగ్గరకు తెచ్చే జూమ్, ఐదు నుంచి పది రెట్లు ఉంటే ఒడ్డునున్న గుడినైనా కొండనైనా కూర్చున్నచోటు నుంచే తీయవచ్చు, అందరూ ఒక పక్కకు ఎగబడవలసిన పని ఉండదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి జరిగిన ఘోరాన్ని చూసినవాళ్లం. ఫోటో కోసం లైఫ్ జాకెట్ విప్పడం, లేచి అంచుకు వెళ్లడం ఎవరూ చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవారికి మరొక మాట. వెదురుతో కట్టి అలంకరించిన గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక నదిలో నీటికి అడ్డంపడి దాటించేటప్పుడు ‘స్టెబిలైజర్’ ఏమీ చేయలేదు. అది మన చేతి వణుకును ఆపుతుంది గాని ఎదుటి మనిషి కదలికను ఆపదు. అక్కడ షట్టర్ వేగం సెకనులో 500వ వంతు గాని అంతకన్నా వేగంగా గాని పెట్టుకోవాలి, ఆ వీలు ఉన్న కెమెరానే కొనాలి. తెల్లవారుజామున కాలవ గట్టు మీది మంచు ఫోటోలో బూడిదరంగులో వస్తోందని అనేవారు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోకు అందే వెలుగును, ఒక మెట్టు పెంచుకుంటే ఆ తెలుపు తెలుపుగానే వస్తుంది.

నీళ్లలో తడిసినా ఏమీ కాని కెమెరా కావాలని పిల్లలున్న తల్లిదండ్రులు అడుగుతారు. ఒలింపస్ టఫ్ టీజీ-6 లాంటివి 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటాయి, లెన్సు బయటికి పొడుచుకు రాదు కనుక అంతర్వేది ఇసుక కూడా లోపలికి పోదు. అయితే దానిది చిన్న సెన్సారే, జూమ్ నాలుగు రెట్లే. సముద్రంలో దిగేవారికి అది సరైనదే. పెద్దవాళ్లతో గుళ్లూ లాంచీలూ తిరిగేవారు మాత్రం పెద్ద సెన్సారు వైపే మొగ్గాలన్నది నా అభిప్రాయం.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది మన డెల్టా తేమ గురించి. ప్రయాణం కాగానే కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేస్తారు. వానాకాలం వెళ్లాక తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లని పోగులు కనిపిస్తాయి. అది ఫంగస్. ఒకసారి పట్టిందంటే అద్దం మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగులుతుంది. బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందని చేసేవారున్నారు, తవుడు పొడి లెన్సు సందుల్లోకి పోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచాలి. నీలంగా ఉన్న గింజలు గులాబీ రంగుకు మారితే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ కారు దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది కనుక జిప్పు కవరులోనే ఓ పావుగంట ఉంచి అప్పుడు బయటికి తీయాలి.

వాడిన కెమెరా కొనేవారు చీకటి గదిలో సెల్‌ఫోను టార్చిని లెన్సు మీదికి ఏటవాలుగా వేసి చూడండి, ఉన్న ఫంగస్ అంతా బయటపడుతుంది. జూమ్‌ను పదిసార్లు ముందుకూ వెనక్కూ నడిపి, కరకరమని ఇసుక చప్పుడు వినిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. అదనపు బ్యాటరీ, రెండో మెమరీ కార్డు ఎలాగూ ఉండాలి.

కెమెరాలు అమ్మే మిత్రులకు నా విన్నపం ఒకటే. కొనడానికి వచ్చినవారిని తమ సొంత కార్డు వేసుకుని, కొట్టు లోపల ట్యూబులైటు కింద ఒకటి, గుమ్మం వెలుగు ఎదుటి మనిషి వెనుక ఉండేలా ఒకటి, రెండు ఫోటోలు తీసుకోనివ్వండి. అవి ఇంటికి పట్టుకెళ్లి, పెద్దవి చేసి, ఇంట్లోవాళ్లందరూ చూసుకున్నాకే డబ్బు కట్టించుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫోటోగ్రాఫరు,
అమలాపురం.