శ్రీనుకి అమ్మ ఉత్తరం

చి. శ్రీనుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడందరం క్షేమం. గోంగూర పచ్చడి పెట్టాను, సుధ వాళ్ళు అడిలైడ్ వచ్చేటప్పుడు తెస్తారు. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది. హెల్మెట్ లేకుండానే బ్యాటింగ్‌కి దిగుతున్నావని సుధ అంది. నిజమేనా? సరే, ఆ సంగతి తర్వాత.

మీ అడిలైడ్ మైదానంలో జరిగిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ టెస్టు గుర్తొచ్చింది. 1933 జనవరి 14, శనివారం. యాభై వేలకు పైగా జనం. ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ లార్వుడ్ బంతి ఆస్ట్రేలియా కెప్టెన్ ఉడ్‌ఫుల్‌కి గుండె మీద తగిలింది. బ్యాటు వదిలేసి, రొమ్ము పట్టుకుని వంగిపోయాడు పాపం. మళ్ళీ లార్వుడ్ ఓవర్ వచ్చేసరికి ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ ఫీల్డర్లను లెగ్ వైపుకి జరిపాడు. ఆడితే క్యాచ్, ఆడకపోతే ఒంటికి దెబ్బ. బాడీలైన్ అంటే అదే. జనం గోల గోల చేశారు.

సోమవారం ఆస్ట్రేలియా వికెట్ కీపర్ ఓల్డ్‌ఫీల్డ్ 41 మీద ఉన్నాడు. లార్వుడ్ షార్ట్ బంతిని హుక్ చేయబోతే బ్యాటు అంచుకి తగిలి కణతకే వచ్చింది. పుర్రె చిట్లింది. బ్రిస్బేన్ టెస్టుకి లేకుండా పోయాడు. గమనించావా, అప్పుడు లెగ్ వైపు ఆ మోహరింపు లేదు. లార్వుడ్ తప్పేం లేదని ఓల్డ్‌ఫీల్డే అన్నాడు. మీ ఆదివారం ఆటలో బౌలర్లు మెల్లగానే వేస్తారని నువ్వంటావు. అంచుకి తగిలిన బంతి ఎటొస్తుందో ఎవరికి తెలుసు నాన్నా? ఆ రోజుల్లో బ్యాటర్లకి టోపీ తప్ప ఇంకేం లేదు. నీకేం లోటని?

హెల్మెట్ కొన్నా సరిగ్గా పెట్టుకోవాలి. ముఖం ముందుండే జాలీకీ పై అంచుకీ మధ్య సందులో బంతి పెట్టి నొక్కి చూడు. బంతి అడ్డంగా ఏడు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, సందు అంతకన్నా బాగా తక్కువుండాలి. వదులైతే బంతి దూరి ముక్కూ పళ్ళూ పోతాయి. తలూపితే హెల్మెట్ కదలకూడదు. గడ్డం కింద పట్టీ బిగించాక వేలు దూరితే చాలు. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలిందా, పైకి బాగానే ఉన్నా మార్చెయ్, లోపలి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మత్తు ఏదున్నా ఆట ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇంకొక్క ఓవర్ అనకు.

ఆ 1933లోనే లండన్ లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్ మీద ఇంగ్లండ్ బ్యాటర్ హెండ్రెన్ మూడంచుల టోపీ పెట్టుకుని దిగాడు. రెండంచులు చెవులూ కణతలూ కప్పేవి, లోపల స్పాంజి రబ్బరు. వాళ్ళావిడే చేసిపెట్టిందట. ఆవిడెంత భయపడి ఉంటుందో!

కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో చెప్పు. డబ్బు నాన్న పంపుతారు. ఈ ఆదివారం ఆటకి ముందే ఫోన్ చెయ్యి.

మీ అమ్మ