రమణా, ముందు చిగుళ్ల సంగతి చూద్దాం

ఒంగోలు

రమణా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. పై వరస ముందు పళ్లు బయటికి తోసుకొచ్చి, మధ్యలో సందు బాగా పెరిగింది. పాప పెళ్లి మాఘంలో, ఆలోపు క్లిప్పులు వేసి లోపలికి నెట్టెయ్యమన్నావు. ఫోన్‌లో చెబితే మధ్యలో ఎవరో పిలిచారని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. చెల్లెమ్మ చేత కూడా చదివించు.

ముందు నీ టెన్షన్ తగ్గించే మాట చెబుతా. ఈ వయసులో కూడా పళ్లు సర్దవచ్చు. చిగుళ్ల జబ్బు వచ్చినవాళ్లకీ సర్దవచ్చు. కాకపోతే జబ్బు రగులుతూ ఉండగా కాదు, అది అదుపులోకి వచ్చాకే.

నీ పళ్లు పుట్టు వంకర కాదు. హైస్కూల్లో నీ పలువరస ఎంత బాగుండేదో నాకు తెలీదా? పెద్దయ్యాక పళ్లు ఇట్టా విచ్చుకుంటే కింద ఎముక కరుగుతోందేమోనని మాకు మొదటి అనుమానం. పాచి గట్టిపడి గార అవుతుంది. దాని మీద, దాని కింద సూక్ష్మక్రిములు చేరతాయి, చిగురు వాస్తుంది. పంటికీ చిగురుకీ మధ్య లోతు పెరుగుతుంది. మంచి చిగుళ్లలో ఆ లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. జబ్బు ముదిరితే 6, 7 కూడా చూస్తుంటాం. అంత లోపలికి బ్రష్ పోదు, వేపపుల్ల అసలే పోదు. పెద్దగా నొప్పి లేకుండానే ఎముక తరిగిపోతుంది. పందిరి గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోతే గుంజ ఒరగదూ, అదే సంగతి.

పైగా నువ్వు కింద దవడపళ్లు రెండువైపులా తీయించుకుని, వాటి చోట ఏమీ పెట్టించుకోలేదు. నమిలే బరువంతా ముందు పళ్ల మీద పడింది. అవి కొరకడానికే గానీ బరువు మొయ్యడానికి కావు. వెనక నుంచి నాలుక తోపు ఉండనే ఉంది. అన్నీ కలిసి పళ్లు బయటికి విసనకర్రలా తెరుచుకున్నాయి.

2017లో చికాగోలో ఈ రంగం డాక్టర్లు కూర్చుని చిగుళ్ల జబ్బుని నాలుగు దశలుగా విడగొట్టారు. పళ్లు చోటు మారడం, పై పళ్లూ కింద పళ్లూ కలిసే తీరు దెబ్బతినడం నాలుగో దశ గుర్తుల్లోకి వస్తాయి. నువ్వు ఏ దశలో ఉన్నావో ఎక్స్‌రే తీసి, ప్రతి పన్ను చుట్టూ లోతు కొలిస్తే గానీ చెప్పను. నాలుగో దశే అయినా చేతులెత్తేసే పని లేదు. 2022లో యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య ఆ దశ కోసమే మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో క్లిప్పుల వైద్యం కూడా ఉంది, చిగుళ్ల వైద్యం విజయవంతంగా పూర్తయ్యాక అన్న షరతుతో.

ఎందుకా షరతు అంటావా? క్లిప్పు పన్నుని తోసినప్పుడు, తోసే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పుడుతుంది. పన్ను కదలడమంటే ఇదే. చిగురు శుభ్రంగా ఉంటే, ఎముక కొంత తగ్గిపోయిన పన్ను కూడా ఇంకా నష్టం లేకుండా కదులుతుంది. వాపు, చీము ఉండగా తోస్తే ఉన్న ఎముక కూడా వేగంగా పోతుంది. తొందరపడి వేసిన తీగ పళ్లను వరసలో పెట్టినట్టే పెట్టి, ఊడగొట్టేస్తుంది.

అందుకే ఆ యూట్యూబ్ సంగతి విని నాకు ఒళ్లు మండింది. సందు మూసుకోవడానికి రెండు పళ్లకి రబ్బరు బ్యాండు చుట్టమన్నాడా మీ మేనల్లుడు? వద్దురా, పొరపాటున కూడా వద్దు. పంటి వేరు పైకి పోయే కొద్దీ సన్నబడుతుంది. రబ్బరు జారి చిగురు కిందికి పోతుంది, వేరు వెంట పాకుతూ పోతుంది. బయటికి కనబడదు, ఊడిపోయిందేమో అనుకుంటారు. లోపల ఎముకంతా తినేస్తుంది. గట్టి పళ్లే అట్టా పోతాయి, నీ పళ్లు ఎంత? కొలతలు ఇస్తే ఇంటికే పంపుతామనే ప్లాస్టిక్ తొడుగుల ప్రకటన కూడా పెట్టావు. ఆ తొడుగులు చెడ్డవి కావు, తీసి పళ్లు తోముకోవచ్చు, కొందరికి నేనే మంచిదంటాను. కానీ ఎక్స్‌రే లేకుండా, చిగురు కొలవకుండా ఎవరు ఏది వేసినా ఒప్పుకోను.

ముందు పళ్లు ఆరూ పీకించి కట్టుడు పళ్లు పెట్టించుకోమని ఒకచోట చెప్పారన్నావు. తొందరపడొద్దు. నిలవని పన్ను ఉంటే నేనే తీద్దామంటాను. ఊగుతోంది కదా అని ప్రతి పన్నూ పీకేది కాదు. వాపు తగ్గి, బరువు సర్దుకుంటే ఊగుడు తగ్గే పళ్లు చాలా ఉంటాయి.

ఇక మొదలుపెట్టేది క్లీనింగ్‌తో. పైన కనబడే గారే కాదు, చిగురు కింద వేరు మీది గార కూడా మత్తిచ్చి తీస్తాం. క్లీనింగ్ చేస్తే పళ్లు వదులవుతాయని మీ ఊళ్లో అంటారు, నాకు తెలుసు. పళ్లను పట్టి ఉంచినట్టు కనిపించేది ఆ గారే. అది పోయి వాపు దిగేసరికి సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు జివ్వుమంటుంది. వదులు చేసింది జబ్బు, క్లీనింగ్ కాదు. కొన్ని వారాలాగి మళ్లీ కొలుస్తాం. ఇంకా లోతు మిగిలిన చోట చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు. రక్తం కారడం ఆగి, లోతులు తగ్గి, కొన్నాళ్లు అట్టాగే నిలిచాక క్లిప్పులు.

నీ దగ్గర ఇంకో చిక్కుంది. మన దర్శిలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పళ్లు మనవి. ఫ్లోరైడ్ మచ్చలున్న పంటి మీద క్లిప్పు సరిగా అతుక్కోదు, ఊడొస్తుంటుంది. క్లిప్పుల డాక్టరుకి ముందే చెబితే దానికి తగ్గట్టు పంటిని సిద్ధం చేస్తారు. దవడపళ్లు లేవు కాబట్టి పట్టు కోసం ఎముకలో చిన్న స్క్రూలు వేయాల్సి రావచ్చు. తోపు మాత్రం చాలా సన్నగా ఉండాలి, నీ పళ్లకి మిగిలిన ఎముక తక్కువ కాబట్టి. ఏడాది పైనే పట్టొచ్చు. ఖర్చు గురించి దిగులైతే నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది. చిగుళ్ల విభాగం, క్లిప్పుల విభాగం రెండూ ఒకేచోట ఉంటాయి, ఒకరి చూపు ఇంకొకరికి అందుతుంది.

సిగరెట్ గురించి రాయకుండా ఉండలేను. పొగాకు పండించి ఇల్లు కట్టినవాడివి, పిల్లల్ని చదివించినవాడివి, ఆ పంటని నేను తప్పు పట్టను. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకునేటప్పుడు సిగరెట్ మీద సిగరెట్ వెలుగుతుందని కూడా తెలుసు. కానీ నా చిగుళ్లలో రక్తమే రాదు, నాకేం జబ్బు అన్నావు చూడు, ఆ మాటకే భయపడ్డాను. పొగ తాగేవాళ్లకి చిగుళ్లలో రక్తం తక్కువ కారుతుంది, లోపల జబ్బు దాక్కుంటుంది. సిగరెట్ మానకపోతే ఏ వైద్యం చేసినా చిగురు సరిగా నయం కాదు. ఒక్కడివే మానలేకపోతే చెప్పు, మందులున్నాయి, సాయం చేస్తాను. షుగర్ కూడా అంతే. చిగురు బాగాలేకపోతే షుగర్ అదుపు తప్పుతుంది, షుగర్ ఎక్కువైతే చిగురు పాడవుతుంది. మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని ఆ కాగితం తీసుకురా.

క్లిప్పులు తీశాక పని అయిపోయిందనుకోకు. నీలాంటి పళ్లు వదిలేస్తే మళ్లీ ఒరుగుతాయి. పళ్ల వెనక సన్నని తీగ అతికిస్తాం, ఆ పళ్లు ఉన్నన్నాళ్లూ అది ఉండాలి. మూడు నెలలకోసారి క్లీనింగ్‌కి రావాలి. పళ్ల సందుల్లో తోమే చిన్న బ్రష్‌లు రోజూ వాడాలి. చిగురు కిందికి దిగిపోయిన చోట రెండు పళ్ల మధ్య నల్లటి ఖాళీ కనబడుతుంది, అది పూర్తిగా పూడదు. ముందే చెబుతున్నా, తర్వాత బాధపడొద్దు.

పెళ్లి నాటికి పళ్లు లోపలికి రావు రమణా. ఇప్పుడే మొదలుపెడితే మాఘానికి వాపు, వాసన పోతాయి, నమలడం సుఖంగా ఉంటుంది. సందు ఉన్నా ఫోటోల్లో నోరు మూసుకుని నిలబడకు, ఆ రోజు నువ్వు నవ్వాలి.

మీ తమ్ముడికి కూడా పళ్లు కదులుతున్నాయన్నావు కదా, ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది, వాణ్ణి కూడా వెంటబెట్టుకురా. సోమవారం వద్దు, రద్దీ. మంగళవారం పొద్దున బస్సెక్కు. ఖాళీ కడుపుతో రావొద్దు, టిఫిన్ తిని, షుగర్ బిళ్ల వేసుకునే రా. పళ్లు తీయించినప్పటి ఎక్స్‌రే ఇంట్లో ఎక్కడున్నా వెతికి పట్టుకురా, ఎముక ఎంత వేగంగా పోయిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

నీ
శీను