నాటు మార్పు చేప అని మేమిచ్చిన పిల్లల్లో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కలిసింది

ఈ సీజన్ మొదట్లో మా చేపపిల్లల నర్సరీలో నాటు మార్పు (మన దేశవాళీ మాగుర్ చేప) పిల్లలు తీసుకున్న రైతులు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ పిల్లల్లో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఉంది. కొందరు దీన్నే థాయ్ మాగుర్ అంటారు. తప్పు మాదే. బయటి నుంచి తెచ్చిన సీడును, అంటే చేపపిల్లలను, సరిగా చూసుకోకుండా మీ చేతికిచ్చాం.

ఎలా బయటపడిందో చెప్తాను. మీకు అమ్మిన తర్వాత మిగిలిన రెండు వందల పిల్లలను సిమెంటు తొట్టిలో పెంచుతున్నాం. రెండు నెలలు తిరిగేసరికి కొన్ని మిగతావాటికి రెండింతలు ఎదిగాయి. మేత బాగా పట్టిందనుకుని సంతోషపడ్డాను కూడా. తర్వాత మా దగ్గర పనిచేసే కుర్రాడు లెక్క తగ్గుతోందని చెప్పాడు. చచ్చిన చేప ఒక్కటీ పైకి తేలలేదు. తొట్టి మీద వల కట్టి ఉంది కాబట్టి పక్షులు ఎత్తుకుపోయే వీలూ లేదు. పెద్దవే చిన్నవాటిని మింగుతున్నాయి. ఒకదాన్ని పట్టి చూస్తే చదునైన వెడల్పాటి తల, ఒంటి నిండా పాలరాతి మీద కనిపించేలాంటి మరకలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరెవరి చెరువుల్లోకి వెళ్లాయో పుస్తకం తీసి రాసుకుంటూ కూర్చున్నాను.

వేలెడంత పిల్లలప్పుడు ఈ రెండింటినీ కంటితో విడదీయడం నిజంగా కష్టం. అయినా అది సాకు కాదు, ఎందుకంటే అనుమానించాల్సిన విషయం ముందే ఉంది. నాటు మార్పు సీడు తయారీ ఓపికతో కూడిన పని. హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆడచేప పొట్ట నొక్కితే గుడ్లు వస్తాయి. మగచేప నుంచి వీర్యం అలా రాదు, దాన్ని కోసి వృషణాలు తీయాల్సిందే. అంటే ప్రతిసారీ కొన్ని మంచి మగచేపలు పోతాయి. ఆఫ్రికన్ రకంలోనూ పద్ధతి ఇదే, కానీ చేప చాలా పెద్దది, ఒక్క తల్లి నుంచే గుడ్లు కుప్పలుగా వస్తాయి. పైగా ఈ రెండు జాతులనూ కలిపి సంకరం కూడా చేస్తారు. అందుకే నాటు మార్పు పిల్లలు ఎన్ని లక్షలు కావాలన్నా వెంటనే పంపిస్తామని ఎవరైనా అంటే ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. ఆ సరఫరాదారుతో లావాదేవీలు ఆపేశాం.

మన దేశంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం చాలా ఏళ్లుగా నిషేధం. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేయాలని ఆదేశించింది. దొరికిన చోట మత్స్యశాఖ వాళ్లు వాటిని చంపి పూడ్చిపెడుతున్నారు. కారణం మీకు చెప్పక్కర్లేదు గానీ ఒకసారి గుర్తు చేస్తాను. ఈ చేప నీళ్ల బయట కూడా గాలి పీల్చుకుని బతుకుతుంది. వానపడ్డ రాత్రి తడి నేల మీద పాకుతూ గట్టు దాటిపోతుంది. కాలువలో పడితే చిన్న చేప, గుడ్డు, కప్ప, పురుగు ఏదీ వదలదు. ఒక చెరువులో తప్పు జరిగితే నష్టం ఆ చెరువు రైతుతో ఆగదు. కిందనున్న వాగులో వల వేసుకుని బతికేవాళ్లకు కొర్రమేను, ఇంగిలాయి కరువవుతాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇక మీరు చేయాల్సింది. తూముకు, అలుగుకు ముందుగా సన్నకన్ను జాలీ బిగించండి. వాన లేని రోజు చూసి వల లాగండి. ఒక్కసారి లాగితే సరిపోదు, ఇవి బురదలోకీ గట్టు బొరియల్లోకీ దూరతాయి. నీరు బాగా తగ్గించాక మిగిలిన మడుగుల్లో, దాక్కున్న చేపలు చావడానికి, ఇప్పపిండి (ఇప్పగింజల చెక్క పొడి) వేయండి. ఎకరానికి మీటరు లోతు నీరుంటే దాదాపు టన్ను పడుతుంది, కాబట్టి నీరు తీశాకే వేయడం మేలు. మళ్లీ పిల్లలు వదలడానికి మూడు వారాలు ఆగండి. ఆ పిండి ఖర్చు, వల కూలీ, మీరు పిల్లలకు కట్టిన డబ్బు మొత్తం మేమే ఇస్తాం. ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రాణం తీయడం ఇష్టం లేక వాటిని కాలువలో వదిలేయొద్దు. మాకు ఫోన్ చేయండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం. మత్స్యశాఖకు మేమే ముందుగా చెప్పాం కాబట్టి ఆ టెన్షన్ మీకు వద్దు.

జిలేబి చేప (తిలాపియా) పిల్లలు ఎప్పుడిస్తారని చాలామంది అడుగుతున్నారు. ఇప్పట్లో ఇవ్వం. 1952లో మన దేశానికి వచ్చిన మొజాంబిక్ రకం గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటూ చెరువులన్నీ నింపేసింది. ఆ అనుభవం వల్లే ఇప్పుడు మేలుజాతి గిఫ్ట్ తిలాపియాకు కూడా షరతులున్నాయి: అన్నీ మగవే అయిన పిల్లలు లేదా సంతానం కలగనివి మాత్రమే వదలాలి, చెరువును మత్స్యశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. మగపిల్లల కోసం ఫ్రై దశలో, అంటే మరీ చిన్న పిల్లలుగా ఉన్నప్పుడు, మూడు వారాలపాటు హార్మోన్ కలిపిన మేత పెడతారు. ఎంత జాగ్రత్తగా పెట్టినా నూటికి నూరు మగవే అవుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. జిలేబి సీడు అమ్మడానికి మాకు అనుమతి లేదు, అది వచ్చేదాకా మీరూ మమ్మల్ని బలవంతపెట్టకండి. నమోదైన చెరువున్నవాళ్లు కృష్ణా జిల్లా మానికొండలోని రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రాన్ని అడగండి.

అక్వేరియం అద్దాలు శుభ్రం చేసే సక్కర్ చేప అమ్మకం కూడా ఆపేశాం. జాలర్లు దెయ్యం చేప అంటున్నది దాన్నే. ఒంటి మీది గట్టి పలకలతో వలలు చింపేస్తుంది, గట్లలో బొరియలు చేస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్ఏతోనే అది ఉందో లేదో పట్టే పద్ధతి తయారుచేశారు. ఇంట్లో పెంచడం కుదరనివాళ్లు చెరువులో వదలకుండా మాకు తెచ్చివ్వండి, తీసుకుంటాం.

ఇకపై మార్పు సీడు ఏ తల్లిచేపల నుంచి వచ్చిందో కళ్లారా చూశాకే తెస్తాం. తెచ్చినదాన్ని రెండు నెలలు మా తొట్టిలో ఉంచి, పెరుగుదల చూశాకే అమ్ముతాం. అందువల్ల పిల్లలు ఆలస్యంగా దొరుకుతాయి, సంఖ్యా తగ్గుతుంది. పుస్తకంలో ఉన్న పదకొండు మందిలో ఎనిమిది మందితో మాట్లాడాను. మిగతా ముగ్గురి నంబర్లు కలవడం లేదు. మీకు తెలిసినవాళ్లెవరైనా మా దగ్గర మార్పు పిల్లలు కొని ఉంటే ఈ కబురు వాళ్లకు చేరవేయండి.